రూపాయి బిళ్ళకు నడక నేర్పడం

ఫ్యాను కట్టేయండి. కిటికీ రెక్కలు దగ్గరికి వేసి గడియ పెట్టండి. కర్టెను అంచు ఇంకా ఊగుతోంది, దాన్నీ చుట్టి పైకి దోపండి. ఏలూరులో సంక్రాంతి సెలవుల పొద్దు ఇది. బయట వీధిలో గాలిపటాల గోల, ఎవరింట్లోనో అరిసెల పాకం వాసన. ఈ గదిలో మాత్రం గాలి కూడా మెదలకూడదు. మెదలాల్సింది ఒక్కటే, బల్ల మీద పరిచిన నీలం చార్టుకు ఎడమ చివర పెట్టిన రూపాయి బిళ్ళ.

మీ ఎదురుగా కూర్చున్నది మా మేనకోడలు, తొమ్మిదో తరగతి చదువుతోంది. బల్లకు అటొక పుస్తకాల దొంతర, ఇటొక దొంతర. వాటి మీద అడ్డంగా ఓ చెక్కపలక. పలక అంచు దాటి తల బయటపెట్టిన ఫోను, కెమెరా కన్ను కిందికి. ఫోను జారకుండా టేపు, పలక కదలకుండా దాని మీద సన్నికల్లు పొత్రం. వస్తువును కాస్త కాస్త జరుపుతూ ఫొటోలు తీసి, వాటిని వరుసగా ఆడించే స్టాప్ మోషన్ మొదలుపెట్టడానికి ఇంతకన్నా హంగు అక్కర్లేదు. వెలుతురు విషయంలోనే కాస్త పట్టుదల కావాలి. కిటికీ వెలుగును నమ్మకూడదు. మబ్బు అడ్డొచ్చినా, ఎండ జరిగినా ఒక ఫొటోకీ ఇంకో ఫొటోకీ రంగు మారిపోతుంది, ఆడించినప్పుడు బొమ్మంతా మినుకుమినుకుమంటుంది. అందుకే బల్లదీపం ఒక్కటే వేసి, ఫోను తెర మీద వేలు కాసేపు అదిమి ఫోకసునూ వెలుతురునూ మారకుండా బిగించేశాం. ఫొటో తీయడానికి తెర ముట్టుకోవద్దు. ఇయర్‌ఫోను తీగ మీద వాల్యూం బటను నొక్కితే చాలా ఫోన్లలో ఫొటో పడుతుంది, ఫోను అదరదు.

"ఇప్పుడేం చెయ్యాలి మావయ్యా?"

"బిళ్ళ ఈ చివర్నుంచి ఆ చివరికి వెళ్ళాలమ్మలూ. అంతే."

చార్టు కింది అంచున ముప్పై సెంటీమీటర్ల స్కేలు అంటించి ఉంది. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు. స్టాప్ మోషన్‌లో ఒక్కో భంగిమను రెండేసి ఫ్రేముల పాటు నిలపడం మామూలే కాబట్టి, సెకనుకు 12 ఫొటోలు తీస్తే సరిపోతుంది. అమ్మాయి లెక్క వేసింది. ముప్పైని పన్నెండు భాగాలు చేస్తే జరుపుకు రెండున్నర సెంటీమీటర్లు. జరిపింది, చెయ్యి తీసింది, నొక్కింది. జరిపింది, చెయ్యి తీసింది, నొక్కింది. ఓ ఫొటోలో చూపుడు వేలి గోరు పడింది. ఫోనులోని స్టాప్ మోషన్ యాప్‌లో వెనక్కి వెళ్ళి ఆ ఒక్కటీ చెరిపేసి మళ్ళీ తీసింది. ఆనియన్ స్కిన్ అన్న బటను నొక్కితే పాత ఫొటో పల్చటి పొరలా ఇప్పటి దృశ్యం మీద కనిపిస్తుంది, బిళ్ళ ఇంతకుముందు ఎక్కడుందో కంటికి తెలుస్తుంది. ఫిల్ము రోల్సు రోజుల్లో ఇలాంటి వెసులుబాట్లేవీ లేవు. నెగటివు కడిగొచ్చేదాకా కదలిక ఎలా వచ్చిందో ఎవరికీ తెలిసేది కాదు.

ఆడించాం. బిళ్ళ కదిలింది. అమ్మాయి మొహం వెలిగింది, అంతలోనే నుదురు ముడిపడింది.

"ఇది వెళ్ళట్లేదు మావయ్యా. ఎవరో లాక్కెళ్తున్నట్టుంది."

అక్షరాలా అదే జరిగింది. సమానమైన ఖాళీలు పెడితే వస్తువు జారుతుంది, బయల్దేరదు. ఏలూరు స్టేషన్లో బండి కదిలేటప్పుడు చూడండి. మొదటి చక్రం తిరుగు కంటికి ఆనదు, ప్లాట్‌ఫారం మీద టీ కుర్రాడు నడుస్తూనే చిల్లర అందిస్తాడు. తర్వాత వాడు పరుగెత్తాల్సి వస్తుంది. బరువున్నదేదైనా మెల్లగా మొదలై, పుంజుకుని, మళ్ళీ మెల్లగా ఆగుతుంది. దాన్ని స్కేలు మీదికి దించితే ఇలా ఉంటుంది: మొదటి జరుపు 2 మిల్లీమీటర్లు, రెండోది 5, మూడోది ఒక సెంటీమీటరు, తర్వాత 2, 3, 4 సెంటీమీటర్లు, నడిమధ్యలో నాలుగు పాయింటు మూడు చొప్పున రెండుసార్లు, ఆపైన అదే వరుస వెనక్కి. 14 జరుపులు, 15 ఫొటోలు, కూడితే సరిగ్గా 30 సెంటీమీటర్లు. ఆడితే సెకనూ పావు.

మళ్ళీ తీసింది. ఈసారి మధ్యలో మాట్లాడలేదు. మొదటి 2 మిల్లీమీటర్లు జరపడానికి వేలి కొన చాలదు, అగ్గిపుల్లతో నెట్టాలి. చూస్తున్న మీకు కూడా ఊపిరి బిగబట్టబుద్ధవుతుంది. ఆడించేసరికి బిళ్ళ తనంతట తనే బయల్దేరి, పని చూసుకుని, ఆగింది. ఎవరూ లాగలేదు. అమ్మాయి పదేపదే ఆడించి చూసింది. పక్కగదిలోంచి వాళ్ళ నాన్నను పిలుచుకొచ్చి చూపించింది. స్టాప్ మోషన్‌లో పనితనమంతా రెండు ఫొటోల మధ్య వదిలే ఖాళీలోనే ఉందని ఇక వేరే చెప్పనక్కర్లేదు.

దీన్ని ఇంకాస్త సాగదీయొచ్చు. సాగదీయాలి కూడా. బిళ్ళ కుడివైపు బయల్దేరే ముందు ఎడమవైపు 3 మిల్లీమీటర్లు వెనక్కి లాగండి. దూకబోయే పిల్లి వెనక్కి ఒదిగినట్టే, చూసేవాడికి ఏదో జరగబోతోందని అందుతుంది. దారి మధ్యలో బిళ్ళను కదపకుండా ఆరు ఫొటోలు తీయండి. అర సెకను. ఆ అర సెకనులో బిళ్ళ ఆలోచిస్తోంది. లోహపు ముక్కకు ఆలోచన ఎలా వచ్చిందని అడగొద్దు, చూస్తే మీకే తెలుస్తుంది. చివర్లో ఓ అయిదు రూపాయల బిళ్ళ పెట్టండి. చిన్నది దగ్గరికొచ్చి, ఆగి, వెనక్కి తగ్గి, మళ్ళీ మెల్లగా వెళ్ళి తాకాలి. కళ్ళు, ముక్కు, నోరు ఏవీ లేకుండా బిడియం చూపించగలిగితే బొమ్మలు చేసే అర్హత వచ్చినట్టే. చాలామంది దీన్ని దాటేసి మొదటిరోజే తీగలు, బంకమట్టి, రంగులు, రాజు, రాణి అంటూ మొదలుపెడతారు. వారం తిరక్కుండా విసుగొచ్చి మానేస్తారు. బిళ్ళతో గడిపిన కాలం ఎప్పుడూ వృథా కాదు.

మధ్యాహ్నం మట్టి పని. కొల్లేటి వైపు నుంచి తెచ్చిన నల్ల బంకమట్టి తడిగుడ్డలో చుట్టి ఉంది. విప్పండి. వేళ్ళకు చల్లగా, నున్నగా తగులుతుంది. చెరువు వాసన. నిమ్మకాయంత ముద్ద చేయండి. కెమెరా ఇంకా పైనుంచి కిందికే చూస్తోంది, కాబట్టి చార్టు పై అంచు ఆకాశం, కింది అంచు నేల. ముద్దను చార్టు మీద పరుండబెట్టి పైనుంచి కిందికి జరిపితే పడుతున్నట్టే. ఏ లెక్కన జరపాలి? ఇక్కడ మీ తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రం పనికొస్తుంది. పడే వస్తువు సమాన కాలవ్యవధుల్లో 1, 3, 5, 7, 9 అన్న బేసి సంఖ్యల నిష్పత్తిలో దూరాలు దాటుతుందని గెలీలియో చెప్పాడు. సెంటీమీటర్లుగా తీసుకుంటే అయిదు జరుపుల్లో 25 సెంటీమీటర్లు. నేలకు తగిలిన ఫొటోలో ముద్దను అప్పచ్చిలా నొక్కండి. పైకి లేచే మొదటి ఫొటోలో నిలువుగా సాగదీయండి. శిఖరం చేరేసరికి మళ్ళీ గుండ్రం. ఒక్క షరతు, మట్టి పెరగకూడదు, తరగకూడదు. అప్పచ్చి అయినా స్తంభం అయినా అదే ముద్ద. ఎగిరిన ప్రతిసారీ ఎత్తు తగ్గాలి. బంతిని రబ్బరనుకుంటే కొంచెం, తడిమట్టి అనుకుంటే చాలా.

"మావయ్యా, దీనికి పగుళ్ళొస్తున్నాయి."

దీపం వేడికి మట్టి ఆరుతుంది. ప్రతి రెండు మూడు ఫొటోలకీ తడివేలితో నిమరాలి, నిమిరితే మెరుపు మారుతుంది, మారితే మినుకుమంటుంది. అందుకే ఈ పనికి నూనె, మైనం కలిసిన ప్లాస్టిసిన్ వాడతారు. అది ఆరదు. అభ్యాసానికి మాత్రం మన మట్టే మంచిది. బరువు ఎంతో, జిగురు ఎంతో చేతికి నేర్పుతుంది.

మర్నాడు తాడేపల్లిగూడెం. పాసింజరు బండిలో కిటికీ పక్క సీటు మీకే. దెందులూరు, భీమడోలు, పూళ్ళ. బయటికి చూడండి. పట్టాల పక్క కరెంటు స్తంభాలు చటుక్కున వెనక్కి పోతాయి. వరికుప్పలు నింపాదిగా పోతాయి. దూరంగా తాటిచెట్ల వరుస మనతో పాటే వస్తున్నట్టు కదిలీ కదలనట్టు ఉంటుంది. దగ్గరిది వేగంగా, దూరానిది మెల్లగా. కాగితం కత్తిరించి మూడు వరుసలుగా గాజు పలకల మీద అమర్చి, ముందు వరుసను ఫొటోకు 2 సెంటీమీటర్లు, నడిమిదాన్ని అర సెంటీమీటరు, వెనకదాన్ని ఒక మిల్లీమీటరు జరిపితే బండి మీ బల్ల మీదికే వస్తుంది. జర్మనీలో లొట్టె రైనిగర్ నల్లకాగితపు బొమ్మలు కత్తిరించి, ఇలా పొరలు పొరలుగా గాజు పలకల మీద పెట్టి, 1926లో యువరాజు అహ్మద్ సాహసాల కథను పూర్తినిడివి చిత్రంగా తీసింది. తోలుబొమ్మలాట చూసి పెరిగిన మనకు ఆ బొమ్మలు పరాయివిగా అనిపించవు.

గూడెం ఉల్లిపాయల మార్కెట్టుకు రావడానికి కారణం వేరే ఉంది. ఇక్కడ నిలబడండి, గోడ వారగా. దారికి అడ్డొస్తే "పక్కకి, పక్కకి బాబూ" అని అరుస్తూ వస్తారు ముఠా కూలీలు. ఘాటు కళ్ళకు తగులుతోంది. పాదాల కింద ఎర్రపొట్టు చప్పుడవుతోంది. లారీ మీంచి గోతాలు దిగుతున్నాయి. ఒక్క మనిషినే చూడండి, మొదటినుంచి చివరిదాకా. గోతం దగ్గరికి వచ్చే నడక మామూలు నడక. వీపు తిప్పుతాడు. మోకాళ్ళు వంచుతాడు, ఇంకా బరువు మీద పడలేదు. తలపాగా సర్దుకుంటాడు. పైవాడు గోతం దొర్లిస్తాడు. పడిన క్షణంలో మనిషి మొత్తం బెత్తెడు కిందికి దిగుతాడు, ఆగుతాడు, అప్పుడు లేస్తాడు. లేచాక అడుగు పొట్టిదవుతుంది. పాదం నేలను వదిలేది తక్కువ. తల ఎటూ తిరగదు. పక్కకు చూడాలంటే నడుము నుంచి మొత్తం మనిషి తిరగాలి. గోతం దించాక మొదటి రెండడుగులు తేలిపోతున్నట్టు పడతాయి.

అమ్మాయి నోటుపుస్తకంలో గీతబొమ్మలు వేసుకుంటోంది. వంగడం, పడటం, దిగడం, ఆగడం, లేవడం.

"గోతం ఎంత బరువో మనకి తెలీదు కదా మావయ్యా, అయినా బరువని ఎలా తెలుస్తోంది?"

"ఆ మనిషి ఎంతసేపు ఆగాడో చూశావు కదమ్మా."

గోతానికీ యానిమేషన్ చదువుకీ పాత చుట్టరికం ఉంది. డిస్నీ స్టూడియోలో కొత్తగా చేరినవాళ్ళ చేత సగం నిండిన పిండి మూటను గీయించేవారు. మూట సంతోషంగా ఉంటే ఎలా ఉంటుంది, దిగులుగా ఉంటే ఎలా ఉంటుంది, దూకబోతే ఎలా ఉంటుంది. కళ్ళూ చేతులూ లేని మూటకు నాలుగు కొసలు, మధ్యలో బరువు. ఫ్రాంక్ థామస్, ఓలీ జాన్‌స్టన్ అనే ఇద్దరు డిస్నీ యానిమేటర్లు 1981లో రాసిన పెద్ద గ్రంథంలో ఈ మూట బొమ్మలున్నాయి. గూడెం నుంచి తిరిగొచ్చిన సాయంత్రం పాత జాకెట్టు గుడ్డతో అరచేతంత సంచీ కుట్టించి, సగం దాకా మినుములు పోసి మూతి బిగించాం. ఆ సంచీ చేత లేచి నిలబడటం, అటూ ఇటూ చూడటం, వాలిపోవడం చేయించాలి. మినుములు కాబట్టి నొక్కినచోట నొక్కినట్టు ఉంటుంది. దిగులుకు పై కొసలు ముందుకు వాలాలి. చూపు తిప్పడానికి పై కొసలు ముందు తిరగాలి, రెండు ఫొటోల తర్వాత పొట్ట, ఆ తర్వాత కింది కొసలు. అన్నీ ఒక్కసారి తిరిగితే కొయ్యముక్క తిరిగినట్టుంటుంది. రేపు తీగతో మనిషి బొమ్మ చేసినా ఇదే వరుస. కళ్ళు ముందు, తల తర్వాత, భుజాలు ఆ తర్వాత. తీగ అంటారా, రెండు పోగుల అల్యూమినియం తీగ మెలిపెట్టి వాడండి. ఇనపతీగ వంచితే ఎదురుతన్ని వెనక్కి వస్తుంది, పెట్టినచోట నిలవదు.

భోగి ముందు తెల్లారుజామున మా అక్క వాకిట్లో కల్లాపి చల్లి చుక్కలు పెడుతోంది. మేడ మీంచి ఫోను వేలాడుతోంది. ఒక గీత వేస్తుంది, పక్కకు జరుగుతుంది, అమ్మాయి నొక్కుతుంది. మళ్ళీ ఒక గీత. ఎండ ఎక్కేలోపు ముగించాలి. ఆడిస్తే ముగ్గు తనకు తానే విచ్చుకుంటుంది, మనిషి జాడ ఉండదు. దాదాసాహెబ్ ఫాల్కే 1913లో రాజా హరిశ్చంద్ర తీయకముందు చేసిన పని ఇలాంటిదే. కుండీలో బఠాణీ గింజ నాటి, మొలక ఎదుగుతున్న కొద్దీ కొన్ని ఫ్రేములు చొప్పున తీసి, పెట్టుబడి పెట్టేవాళ్ళకు చూపించాడు. 1915లో అగ్గిపుల్లలను ఆడించి ఓ చిన్న చిత్రం కూడా తీశాడు. మన దేశపు సినిమా పుట్టుకలోనే ఈ విద్య ఉంది.

మన తెలుగు సినిమా పేరు చెప్పుకోవడానికీ ఒకటుంది. కె.వి. రెడ్డి మాయాబజార్ 1957 మార్చి 27న విడుదలైంది. మార్కస్ బార్ట్లీ కెమెరా. పెళ్ళి వంటకాల ముందు కూర్చున్న ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు వాటంతట అవే వెళ్ళిపోయే షాటు ఎవరో నల్లదారం కట్టి లాగింది కాదు, స్టాప్ మోషన్‌లో తీసింది. ఆ ఘటోత్కచుడు, ఎస్.వి. రంగారావు, 1918లో నూజివీడులో పుట్టాడు. నూజివీడు ఇప్పుడు మన ఏలూరు జిల్లాలోదే. సాయంత్రం పళ్ళెంలో సున్నుండలు పెట్టుకుని మేం అదే ప్రయత్నం చేశాం. మా బావగారు నోరు తెరిచి కదలకుండా కూర్చోవాలి, సున్నుండ ఫొటోకు రెండు సెంటీమీటర్లు జరగాలి. బల్ల మీద సులువే. బల్ల అంచు నుంచి నోటిదాకా గాల్లో ఎలా? సన్నటి పుల్ల గుచ్చి వెనకనుంచి పట్టుకుని, పుల్ల సున్నుండ చాటున దాగేట్టు కెమెరా కోణం చూసుకోవాలి. అసలు కష్టం మనిషిది. రెండు నిమిషాలకే మెడ వాలుతుంది, రెప్పలు పడతాయి, ఆడించినప్పుడు ఆ చిన్న చిన్న కదలికలన్నీ వణుకులా కనిపిస్తాయి. రంగారావు ఆ షాటులో ఎంత నిలకడగా కూర్చున్నాడో మళ్ళీ ఒకసారి చూడండి. నటన అంటే అదీ అని నాకనిపిస్తుంది.

ఇక కొల్లేరు. కైకలూరు దగ్గర ఆటపాక పక్షుల కేంద్రానికి పొద్దున్నే చేరాం. మంచు ఇంకా నీటిమీద తేలుతోంది. పడవ ఎక్కండి, మధ్యలో కూర్చోండి. ఇనపచట్రాల మీద, చెట్ల కొమ్మల మీద గూడబాతుల గూళ్ళు. పెద్దవి దాదాపు మౌనంగానే ఉంటాయి, గోలంతా పిల్లలదే. రెట్ట వాసన ముక్కులోకి కొడుతుంది, కాసేపటికి అలవాటైపోతుంది.

ఒక గూడబాతు నీటిమీంచి లేవబోతోంది. ఫోనులో స్లోమోషన్ పెట్టండి. రెండు పాదాలతో ఒకేసారి నీటిని తంతుంది, గెంతు, గెంతు, గెంతు, రెక్కలు నీళ్ళను తాకుతూ, అప్పుడు లేస్తుంది. ఇంత బరువైన పక్షి గాల్లోకి రావడానికి పడే అవస్థ మొదటి కొన్ని క్షణాలే. పైకి వచ్చాక మెడ ముడిచి, ముక్కు గుండెల మీద ఆనించి, నాలుగు రెక్కపోట్లు వేసి తేలుతుంది. ఇప్పుడు ఆ వీడియోను ఒక్కో ఫ్రేమే జరుపుతూ చూడండి. రెక్క కిందికి కొట్టినప్పుడు ఒళ్ళు పైకి లేస్తోంది. రెక్క పైకి వచ్చేటప్పుడు ఒళ్ళు కాస్త దిగుతోంది. పైకి లాగేటప్పుడు రెక్కను మణికట్టు దగ్గర మడుస్తోంది. రెక్కల కొసలు ఎప్పుడూ ఒక అడుగు వెనకబడే ఉన్నాయి, భుజం కిందికి దిగడం మొదలైనా కొసలు ఇంకా పైకే పోతున్నాయి. చూసి చూసి ఉన్న పక్షే. ఇదంతా కంటికి ఎప్పుడూ అందలేదు.

1882లో ఫ్రాన్సులో రెక్క ఎలా కదులుతుందన్న ఇదే ప్రశ్న ఓ శరీరధర్మ శాస్త్రవేత్తను పట్టి పీడించింది. ఎతియెన్ జూల్ మారే తుపాకీ ఆకారంలో ఓ కెమెరా చేయించాడు. గుండుకు బదులు తిరిగే పలక, సెకనుకు 12 బొమ్మలు. మనం బల్ల మీద పెట్టుకున్న లెక్కే. ఆ తర్వాత ఒకే గాజుపలక మీద కదలిక దశలన్నీ వరుసగా పడేలా ఇంకో పద్ధతి కనిపెట్టాడు. ఆయన తీసినవాటిలో లోకమంతా ఎరిగిన చిత్రం ఒకటి ఎగిరే గూడబాతుదే. ఒక పక్షి, నల్లటి పలక మీద ఒకదానిమీదొకటి పరుచుకున్న రెక్కలు, మధ్య మధ్య ఖాళీలు. ఆ ఖాళీలు ఎక్కడ దగ్గరపడ్డాయో, ఎక్కడ దూరమయ్యాయో చూస్తూ కూర్చుంటే గంట తెలియదు. ఆ పక్షి బంధువులే మీ తలమీద తిరుగుతున్నాయి.

అవి ఇక్కడ ఇంకా తిరగడానికీ కారణాలున్నాయి. 1999లో ఈ సరస్సులో 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది, 2006లో సరస్సులోని చేపల చెరువుల గట్లు కొట్టేశారు. ఆ చెరువుల గురించిన వాదాలు ఈనాటికీ ఆగలేదు. కదలిక నేర్చుకునేవాళ్ళ వైపు నుంచి నేను చెప్పేది ఒకటే: చూడ్డానికి పక్షి ఉండాలి.

దూరంగా తాటిదోనె మీద ఓ మనిషి గెడ వేస్తున్నాడు. చూడండి, ఇది బిళ్ళ నడక కాదు. గెడ బురదలో గుచ్చి ఒత్తు ఇవ్వగానే దోనె ఒక్క ఉరుకు ఉరుకుతుంది, ఆపైన నీరు పట్టుకుని మెల్లగా, మెల్లగా తగ్గుతుంది. ఆగకముందే మరో ఒత్తు. మొదటి ఖాళీ అన్నిటికన్నా పెద్దది, తర్వాతవి ఒకదానికన్నా ఒకటి చిన్నవి. 4, 3, 2.2, 1.6, 1.2. అమ్మాయి అడక్కుండానే రాసుకుంది.

తిరుగుదారిలో గట్టు మీద ఆగాం. ఇప్పుడు బొమ్మ మనమే. మీరు దూరంగా నిలబడి ఫోను పట్టుకోండి, కాదు, స్టాండు మీద పెట్టండి. అమ్మాయి గట్టు మీద నిలబడి ఎగురుతుంది. గాల్లో ఉండగా నొక్కాలి. ఒక అడుగు ముందుకు వేసి మళ్ళీ ఎగురుతుంది, మళ్ళీ నొక్కాలి. నేలమీద ఉన్న ఫొటో ఒక్కటీ ఉండకూడదు. ఎగిరి ఎగిరి రొప్పుతోంది, జడ విడిపోయింది, మానదు. ఆడిస్తే, గట్టు మీద బెత్తెడు ఎత్తున, పాదాలు కదపకుండా గాల్లో జారిపోతున్న మనిషి. కెనడాలో నార్మన్ మెక్‌లారెన్ 1952లో తీసిన నైబర్స్ అనే ఎనిమిది నిమిషాల చిత్రంలో ఇద్దరు పొరుగువాళ్ళు పచ్చిక మీద ఇలాగే తేలుతారు. ఆ చిత్రానికి ఆస్కార్ వచ్చింది. అక్కడ వాడింది కూడా మనుషులను, కెమెరాను, ఇదే గెంతును.

"మావయ్యా, దీనికి కథ ఎప్పుడు పెడదాం?"

"ఆ గూడబాతు రెక్క కుదిరాక."

ఇంటికొచ్చాక అమ్మాయి పాత క్యాలెండరు అట్టతో గూడబాతు ఒళ్ళు, రెక్కలు మూడేసి ముక్కలుగా కత్తిరించి దారంతో కీళ్ళు కట్టింది. భుజం, మణికట్టు, కొస. మొదటిసారి ఆడించినప్పుడు అది విసనకర్రలా ఊగింది. కొసలను ఒక ఫొటో వెనక ఉంచాక కాస్త నయం. ఒంటిని పైకి కిందికి 3 మిల్లీమీటర్లు ఆడించాక ఎగిరింది. ఇంకా బరువు రాలేదు, వస్తుంది.

మన జిల్లాల్లోని డ్రాయింగు మాస్టార్లకూ, సైన్సు టీచర్లకూ నాదొక విన్నపం. వారానికొక పిరియడు ఈ పనికి ఇవ్వండి. ఇద్దరూ కలిసి ఇవ్వండి, ఎందుకంటే దూరం, కాలం, వేగం పాఠం, బొమ్మల పాఠం ఇక్కడ ఒకటే. బేసి సంఖ్యల సూత్రాన్ని మట్టిముద్దతో పడేసి చూసిన పిల్ల దాన్ని మర్చిపోదు. కథ ఊసెత్తకుండా మొదటి నెలంతా బిళ్ళ, ముద్ద, మూట, రెక్క వీటితోనే గడపనివ్వండి. తీసిన ప్రతి ముక్కకూ తారీఖు వేసి దాయించండి, బాగోలేనివి ముఖ్యంగా. ఏడాది పోయాక పక్కపక్కన ఆడిస్తే ఎంత నేర్చారో వాళ్ళకే కనిపిస్తుంది. దీనికి కావలసింది ఒక ఫోను, ఒక దీపం, కదలని బల్ల, తలుపు వేసుకోగల గది.